నర్సు ఉద్యోగం, యూట్యూబ్ ఛానల్: యూకేకి కొత్తగా వచ్చినవాళ్ళకి

ఓఎస్‌సీఈ (ఇక్కడ నర్సుగా నమోదు కావడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) పాసై, ఎన్‌ఎంసీ (నర్సుల్ని నమోదు చేసే సంస్థ) ఇచ్చే పిన్, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, చేతికొచ్చాక మన నర్సులు అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఇదొకటి చేరింది. "అక్కా, ఊళ్ళో ఉన్నప్పటి నుంచే నాకు ఛానల్ ఉంది. ఇక్కడ కూడా నడపొచ్చా, ఉద్యోగానికి ఏమన్నా ఇబ్బందా?"

నడపొచ్చు. నర్సుకి ఛానల్ ఉండకూడదని ఎన్‌ఎంసీ ఎక్కడా అనలేదు. సోషల్ మీడియాని బాధ్యతగా వాడాలని మాత్రం వాళ్ళ నియమావళి, అంటే కోడ్‌లో రాసి ఉంది. డ్యూటీ చేస్తూ వీడియోలకి టైమెక్కడిదని చాలామంది టెన్షన్ పడతారు గానీ, నా దృష్టిలో అది తర్వాతి సంగతి. ముందు కెమెరా వార్డుకి ఎంత దూరంలో ఉందో చూసుకోండి.

"పేషెంట్ ముఖం చూపించట్లేదు కదా" అంటారు. ముఖం ఒక్కటే అయితే గొడవే లేదు. నాకు తెలిసిన ఒక అమ్మాయి నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి టీ పెట్టుకుంటున్న వీడియో పెట్టింది. యూనిఫాం జేబులోంచి పెన్నులు, కత్తెర, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి స్టవ్ పక్కన గట్టు మీద పడేసింది. ఆ కాగితం హ్యాండోవర్ షీట్, అంటే షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు రాసుకునేది. బెడ్ నంబరు, పేరు, వయసు, జబ్బు అన్నీ వరసగా ఉంటాయి. వీడియో ఆపి పెద్దది చేస్తే రెండు పేర్లు చదవొచ్చు. ఆ అమ్మాయేమో అల్లం ఎంత వెయ్యాలో చెబుతోంది! వెంటనే తీసేసి, ఇంకొకరు చెప్పకముందే మేనేజర్‌కి నువ్వే చెప్పమన్నాను. అసలా షీట్ వార్డు దాటి రాకూడదు. షిఫ్ట్ అవ్వగానే కాన్ఫిడెన్షియల్ వేస్ట్ డబ్బాలో వేసి బయటికి రావాలి.

ఇంకో అలవాటు ఉంది మనవాళ్ళకి. తెలుగులో చెబితే ఎవరికీ అర్థం కాదులే అనుకుని, "నిన్న రాత్రి మా వార్డులో ఒక పెద్దాయన..." అని మొదలుపెడతారు. పేరు చెప్పరు, నిజమే. కానీ మీరు ఏ ఊళ్ళో, ఏ హాస్పిటల్లో చేస్తారో పాత వీడియోల్లో ఉంది. ఏ వార్డో ఉంది. వీడియో తేదీ కిందే ఉంది. ఇవన్నీ కలిపితే ఆ పెద్దాయన కూతురికి తన తండ్రేనని తెలిసిపోతుంది. లెస్టర్‌లో, ఈస్ట్ హామ్‌లో పేషెంట్లలోనూ తెలుగువాళ్ళు ఉంటారు. లేకపోయినా ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ ఉన్నాయి. కాబట్టి పేషెంట్ కథ ఏదీ వద్దు, మంచి కథ కూడా వద్దు. "మా పేషెంట్ నాకు చాక్లెట్లు ఇచ్చింది" అనేది కూడా.

స్టాఫ్ రూమ్‌లో తీసిన వీడియోలోనూ వెనక వైట్‌బోర్డు ఉంటుంది, తోటివాళ్ళు ఉంటారు, మీ మెడలో ఐడీ కార్డు ఉంటుంది. హాస్పిటల్ లోపల ఏదైనా తీయాలంటే ట్రస్టు (మీ హాస్పిటల్‌ని నడిపే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) కమ్యూనికేషన్స్ టీమ్ అనుమతి తీసుకోండి. చాలా ట్రస్టులు యూనిఫాంతో బయట తిరగడమే ఒప్పుకోవు, అలాంటిది దానితో రీల్స్ చేస్తే ఊరుకుంటాయా? ఓఎస్‌సీఈలో మీకొచ్చిన స్టేషన్లు (పరీక్షలోని విడివిడి అంశాలు) కూడా బయటపెట్టకూడదు. "నాకొచ్చిన సినారియోలు ఇవే" అన్న వీడియోకి వ్యూస్ బాగానే వస్తాయి, పిన్ రాకముందే తలనొప్పి కూడా వస్తుంది.

సిక్ లీవ్ సంగతి ఒకటి. ఆదివారం తీసిన షాపింగ్ వీడియో గురువారానికి షెడ్యూల్ చేశారు. సరిగ్గా గురువారం జ్వరమొచ్చి సిక్ చెప్పారు. తోటి స్టాఫ్ ఫోన్లో ఏం కనిపిస్తుందో ఊహించుకోండి. ఏ రోజు తీశారో వీడియో మొదట్లోనే చెప్పెయ్యండి, ఒంట్లో బాగోలేని రోజు షెడ్యూల్ ఆపెయ్యండి.

ఇక డబ్బు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ అయ్యాయని సంబరంగా మానెటైజేషన్ (వీడియోల మీద ప్రకటనల డబ్బు తీసుకోవడం) నొక్కేముందు మీ వీసా చూసుకోండి. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా స్పాన్సర్ చేసిన ఉద్యోగం కోసం ఇచ్చింది. అదనపు పనికి వారానికి 20 గంటల పరిమితి ఉంది, ఎలాంటి పని అన్నదానికీ షరతులున్నాయి. స్టూడెంట్ వీసా మీదైతే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ అసలు కుదరదు. "ఫలానా అక్క సంపాదిస్తోంది కదా" అంటే, ఆ అక్కకి ఐఎల్ఆరో (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) బ్రిటిష్ పాస్‌పోర్టో వచ్చి ఉండొచ్చు. మీ ఆయన డిపెండెంట్ వీసాలో ఉంటే ఆయన సొంతంగా సంపాదించుకోవచ్చు, కానీ ఛానల్ నిజంగా ఆయనే నడపాలి. పేరు ఆయనది, వంటా మాటా ఎడిటింగూ మీవి అయితే అది నాటకమే. ఒకసారి ఫీజు కట్టి, రిజిస్టరైన ఇమిగ్రేషన్ అడ్వైజర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. వాట్సాప్ గ్రూపులో అడిగి నిర్ణయించుకోకండి. వీసా ఒప్పుకున్నాక బయటి ఆదాయం గురించి ట్రస్టుకి చెప్పండి, దానికి ఫారం ఉంటుంది. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 లోపు ఛానల్ మీద 1,000 పౌండ్లు దాటి వస్తే హెచ్ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖ) కూడా చెప్పాలి.

టైము విషయానికొస్తే, పన్నెండు గంటల లాంగ్ డే అయ్యాక ఎడిటింగ్ ముందు కూర్చోకండి. నైట్ దిగినరోజు అసలే వద్దు. నిద్ర సరిపోక మర్నాడు మందుల ట్రాలీ దగ్గర తప్పు చేస్తే వీడియో ఆలస్యమైందన్న సాకు పనికిరాదు. రోటా (డ్యూటీల పట్టిక) రాగానే రెండు సెలవు రోజులు కలిసొచ్చేది చూసుకుని, అందులో సగం రోజు చాలు. మూడు వారాలకో వీడియో వచ్చినా చూసేవాళ్ళు చూస్తారు.

కొంచెం పేరొచ్చాక రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, నాన్నకి షుగర్ 300 ఉంది, ఏ టాబ్లెట్ వెయ్యాలి?" అని ఒకటి. మనసు ఆగదు, అయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమనే జవాబు తప్ప ఇంకేదీ రాయకండి. రెండోది ఏజెంట్ల నుంచి. "మా కన్సల్టెన్సీ గురించి ఒక్క నిమిషం చెప్పండి, ఇంత ఇస్తాం" అంటారు. ఇక్కడి హెల్త్ రిక్రూట్‌మెంట్ నియమావళి ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదు. పైగా 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తీసుకోవడం ఆపేశారు. అయినా లక్షలు కడితే కేర్ వీసా గ్యారంటీ అనేవాళ్ళు ఇంకా తగుల్తూనే ఉంటారు. మీ ముఖం చూసి నమ్మి, ఖమ్మంలోనో కర్నూల్లోనో ఎవరో పొలం తాకట్టు పెడతారు. అలాంటి ప్రమోషన్ ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఛానల్‌లో పెట్టి, వీళ్ళని నమ్మొద్దని చెప్పండి.