అమ్మాయిల సీటు తీసుకుంటే చిన్నతనమా?

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల దగ్గర ఊరు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఐఐటీల్లో అమ్మాయిలకు వేరే సీట్లున్నాయని మా సార్ చెప్పారు. ఆ సీటులో చేరితే 'కోటాలో వచ్చింది' అంటారేమోనని టెన్షన్. నాన్నేమో అంత దూరం ఎందుకు, ఎప్‌సెట్ రాసి హైదరాబాద్‌లో చదువుకో అంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ నాన్నగారు చెప్పిన ఎప్‌సెట్‌తోనే మొదలుపెడదాం. అందులో కన్వీనర్ కోటా సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో, మూడో వంతు అమ్మాయిలవే, ఎప్పటినుంచో. మీ ఊళ్లో ఇంజనీరింగ్ చదివిన అక్కలను 'కోటా' అని ఎవరైనా అనగా విన్నావా? ఐఐటీ పేరెత్తేసరికే ఈ మాట ఎక్కడినుంచి వస్తుందో నాకైతే అర్థం కాదు.

2016లో ఐఐటీ బీటెక్‌లో పదిమందికి ఒక అమ్మాయి కూడా లేదు. ఊరు దాటించి కోచింగ్‌కు పంపడం, ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌లో పెట్టడం... కొడుక్కి చేసినంత తేలిగ్గా కూతురికి ఎన్ని ఇళ్లలో చేస్తారు? అందుకే 2018లో అదనపు సీట్లు పెట్టారు. ఆ ఏడాది అమ్మాయిల వాటా 14 శాతం ఉండాలన్నారు, 2020కి 20 చేశారు. ఎన్ఐటీల్లో కూడా 2018 నుంచే ఉన్నాయి.

'అదనపు' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఒక బ్రాంచిలో 100 సీట్లున్నాయనుకో, మామూలుగా 8 మంది అమ్మాయిలే వచ్చారు. వాటా 20 శాతం కావాలంటే ఇంకో 15 సీట్లు కలుపుతారు. 115లో 23 మంది అమ్మాయిలవుతారు. పాత 100 అలాగే ఉన్నాయి. నీ వల్ల సీటు పోయిన అబ్బాయి లేడన్నమాట. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, ఐఐటీలకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై కావలసిన మార్కులూ అమ్మాయిలకు తగ్గించరు.

ఏటా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైట్‌లో జెండర్ న్యూట్రల్ (అందరికీ ఉన్న సీట్ల) ముగింపు ర్యాంకు, అంటే సీటు దొరికిన చివరి ర్యాంకు చూసి 'మనకు రాదులే' అని ఆ బ్రాంచి పెట్టకుండా వదిలేస్తారు. నువ్వు ఫీమేల్ ఓన్లీ అని ఉన్న వరుస కూడా చూడు. ఆప్షన్లు ఎన్ని పెట్టినా నష్టం లేదు.

ఇక దూరం. ఐఐటీ హైదరాబాద్ సంగారెడ్డి దగ్గర కందిలోనే ఉంది. ఎన్ఐటీ వరంగల్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకు చాలు, పైగా సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. ఎప్‌సెట్ కూడా రాయి, దానికీ దీనికీ పోటీ లేదు. ఫీజు గురించి నాన్న అడిగితే ఇలా చెప్పు: ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే ఐఐటీ, ఎన్ఐటీల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా మొత్తం మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం ఉంటుంది, అది దాచకు.

మీరు బీసీ అయితే ఇంకో సంగతి. రాష్ట్ర జాబితాలో ఉంటే సరిపోదు, కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం పేరుండాలి. సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, పరీక్ష రాసే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈ పని నాన్నకే అప్పగించు. నాలుగుసార్లు మీసేవకు తిరిగాక, దూరం సంగతి ఆయనే మర్చిపోతారు.