టైటానియం పన్నుకు ఫ్లోరైడ్ గండమా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కింది దవడలో రెండు దంతాలు పోయాయి, ఇంప్లాంట్ (దవడ ఎముకలో దించే లోహపు పన్ను వేరు) పెట్టించాలనుకుంటున్నాం. ఒక డాక్టరు గ్రేడ్ 4 టైటానియం అన్నారు, ఇంకొకరు గ్రేడ్ 5 గట్టిది అన్నారు. మాది నల్గొండ దగ్గర పల్లె. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ టైటానియంను తినేస్తుందని విన్నాక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: నీళ్ల గురించి భయం వద్దమ్మా. గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర కడుతుంది. ఇనుప తుప్పులా అది పెచ్చులూడదు. గీసుకుపోయినా క్షణాల్లో మళ్లీ కట్టుకుంటుంది. లాలాజలం, ఉప్పు, చింతపండు పులుసు దాన్ని ఏమీ చేయలేవు.

ఫ్లోరైడ్ ఆ పొరను తినేది పక్కన ఆమ్లం ఉన్నప్పుడే. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చాలావరకు లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే, పైగా అలాంటి నీళ్లు సాధారణంగా క్షార గుణంవే. (ఎముకలకు మాత్రం అవి చెరుపే. తాగడానికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లే వాడండి.) మామూలు ఫ్లోరైడ్ పేస్టుతోనూ ఇబ్బంది లేదు. నేను వద్దనేది క్లినిక్‌లో పూసే పుల్లటి ఫ్లోరైడ్ జెల్. అందులో ఫ్లోరైడ్ 1.23 శాతం, పీహెచ్ మూడున్నర దగ్గర. ఎప్పుడైనా జెల్ పూస్తామంటే నోట్లో ఇంప్లాంట్ ఉందని చెప్పి, ఆమ్లం లేనిది అడగండి.

ఇక గట్టిదనం. గ్రేడ్ 4 అంటే దాదాపు శుద్ధ టైటానియం, చదరపు మిల్లీమీటరుకు కనీసం 550 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలుపుతారు, బలం 850 దాటుతుంది. కానీ దవడ ఎముక వెడల్పుగా ఉండి, నాలుగు మిల్లీమీటర్లకు తగ్గని మందం ఉన్న ఇంప్లాంట్ పడితే గ్రేడ్ 4 చాలు. 1965లో స్వీడన్‌లో డాక్టర్ బ్రానెమార్క్ తొలి రోగి గోస్టా లార్సన్‌కు పెట్టినవి శుద్ధ టైటానియంవే. 2006లో లార్సన్ పోయేదాకా పనిచేశాయి. ఎముక సన్నగా ఉంటేనే మిశ్రమలోహం అవసరం. అలాంటి చోట నేను టైటానియం-జిర్కోనియం ఎంచుకుంటాను.

నాన్నగారు నిద్రలో పళ్లు నూరతారేమో అమ్మగారిని అడగండి. నూరితే ముందే డాక్టరుకు చెప్పండి, రాత్రిపూట తొడుగు ఇస్తారు. బీడీ, సిగరెట్ ఉంటే మాన్పించాలి. నేను చూసినంతలో ఇంప్లాంట్లు పోయేది తుప్పుతో కాదు, చుట్టూ గార పట్టి చిగురు వాచి, ఎముక కరగడం వల్ల.

ఇంకొకటి. ఇంప్లాంట్ డబ్బాలో కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అడిగి తీసుకోండి. ఎక్కడో పెట్టించుకున్న ఒక పెద్దాయన ఐదేళ్లకు ఇంప్లాంట్ మీద పన్నును బిగించే స్క్రూ వదులై నా దగ్గరికొచ్చారు. చేతిలో కాగితం లేదు. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో డ్రైవర్. ఎక్స్‌రే చూసి అదేదో పోల్చుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది, అన్నాళ్లూ ఆయన గంజి తాగారు.