నీళ్ల ట్యూబులో బ్యాండ్ వస్తే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రొయ్యల వైట్ స్పాట్ వైరస్‌కి చేసే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను కోట్ల రెట్లు పెంచి చూసే పరీక్ష)లో, రొయ్య డీఎన్‌ఏ వెయ్యని నీళ్ల ట్యూబులో కూడా వైట్ స్పాట్ బ్యాండ్, అంటే జెల్ మీద వైరస్ గీత, వస్తోందని రాశావు. ఆ బ్యాచ్ రిపోర్టు ఒక్కటి కూడా బయటికి ఇవ్వొద్దు. విడవలూరులోనో కొత్తపట్నంలోనో రైతు నీ కాగితాన్ని నమ్మి గుంటలో సీడు (రొయ్య పిల్లలు) వదులుతాడు.

ఈ పరీక్షలో డీఎన్‌ఏని పెంచేది రెండు రౌండ్లలో కదా, ముందు ఏ రౌండులో కలుషితమైందో పట్టుకో. మొదటి రౌండు నీళ్ల ట్యూబు నుంచి రెండో రౌండుకు ఒక శాంపిల్ తీసుకో. దాని పక్కనే, రెండో రౌండు మిక్స్‌లో కొత్త నీళ్లు వేసి ఇంకో ట్యూబు పెట్టు. రెండింట్లోనూ 941 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) వైరస్ బ్యాండ్ వస్తే రెండో రౌండు మిక్సే చెడింది. మొదటిదాంట్లోనే వస్తే తప్పు మొదటి రౌండులో ఉంది. మిక్స్‌లో కలిపేవాటిలో చెడింది ప్రైమరా, బఫరా అని వెతుకుతూ కూర్చోకు. తెరిచినవన్నీ పారేసి కొత్త సీసాలు తియ్యి. ఇకమీదట ప్రతిదీ చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్లో పెట్టుకో.

మొదటి రౌండు ట్యూబులో 1447 బేస్‌ల వైరస్ డీఎన్‌ఏ ముక్కలు కోట్ల కొద్దీ ఉంటాయి. మూత తీయగానే కంటికి కనిపించని తుంపర లేస్తుంది. అందుకే తెరిచేముందు కాసేపు స్పిన్ చెయ్యి. మాస్టర్ మిక్స్ కలిపే బల్ల దగ్గర ఆ మూత అస్సలు తీయొద్దు. వేరే గది, వేరే పిపెట్లు, వేరే కోటు, ఫిల్టర్ టిప్పులు ఉండాలి. బల్ల స్పిరిట్‌తో తుడిస్తే డీఎన్‌ఏ పోదు. అప్పటికప్పుడు కలిపిన 10 శాతం బ్లీచ్ పూసి, 10 నిమిషాలు ఆగి, నీళ్లతో తుడువు.

దీనికంటే నాకు భయం వేసేది ఏ బ్యాండూ రాని శాంపిల్. రొయ్య సొంత జీన్‌కి పెట్టే 848 బేస్‌ల కంట్రోల్ బ్యాండ్ కూడా రాకపోతే అది నెగెటివ్ కాదు, పరీక్షే జరగలేదు. కళ్లలో ఉండే పదార్థాలు పీసీఆర్‌ని అడ్డుకుంటాయి కాబట్టి పీఎల్ (పిల్ల రొయ్యల) శాంపిల్ అయినా సరే కళ్లు కోసేయ్. డీఎన్‌ఏని పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టు. పెల్లెట్‌లో (ట్యూబు అడుగున చేరిన డీఎన్‌ఏ ముద్దలో) ఆల్కహాల్ మిగిలినా ఇంతే, పూర్తిగా ఆరనివ్వు. వైట్ స్పాట్‌కి మొప్పలు, ఈతకాళ్లు తీసుకోవాలి. హెపటోపాంక్రియాస్ (రొయ్యకు కాలేయం లాంటిది) ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పరీక్షకి సరిపోతుంది గానీ దీనికి పనికిరాదు. ఎండలో మెత్తబడి వచ్చిన రొయ్య వద్దు. ఒక వంతు కణజాలానికి పది వంతుల 95 శాతం ఆల్కహాల్‌లో పంపమని రైతుకు చెప్పు, ఫార్మలిన్ వద్దను.

పాజిటివ్ కంట్రోల్ (వైరస్ ఉందని ముందే తెలిసిన శాంపిల్) కూడా రాకపోతే బఫర్ చూడు. కరిగాక వోర్టెక్స్ చేయకపోతే, అంటే గిర్రున తిప్పి కలపకపోతే, మెగ్నీషియం అడుగునే ఉండిపోతుంది.

జెల్ 1.5 శాతం అగరోజ్, సెంటీమీటరుకు 5 వోల్టులు. 941, 848 బాగా దగ్గర. తొందరపడి ఆపితే ఏది ఏదో తెలియదు, ల్యాడర్ (పక్కన వేసే కొలత గీతలు) విడిపోయేదాకా నడవనివ్వు.

ఆ రెండు నీళ్ల ట్యూబుల జెల్ ఫోటో పంపు.