రాయిని రాయిగా ఉండనివ్వు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మ్యూజియంలో చూసిన చైనా పండితుల రాయి మీద నువ్వు రాసి పంపిన ఏడు నానీలూ (నాలుగు పాదాల చిట్టి కవితలు) అందాయి. వాటిలో ఆ రాయి ఒకచోట హిమాలయమైంది, ఒకచోట డ్రాగన్ అయింది, మరొకచోట తపస్సులో కూర్చున్న ముని అయింది. రాయిగా మాత్రం ఎక్కడా కనబడలేదు. నా అభ్యంతరం ఇదొక్కటే.

అలాంటి రాళ్లను తోటల్లోనూ రాతబల్లల మీదా నిలుపుకొన్న పండితులు వాటిలో పర్వతాలను చూడలేదని నేననను. అయితే రాయి మంచిచెడ్డలను తేల్చేటప్పుడు వాళ్లు వెతికినవి బక్కపలచని నిలువు, ఒంటి నిండా ముడతలు, లోపల మెలికలు తిరిగే దారులు, అవతలి వెలుగు ఇవతలికి వచ్చే తూట్లు. అందం ఈ నాలుగింటిలో లేదు. చైనాను సోంగ్ రాజవంశం ఏలిన కాలంనాటి చిత్రకారుడు మి ఫు ఒక పెద్ద రాయిని చూసి, కొలువు దుస్తులు ధరించి దానికి నమస్కరించి అన్నగా సంబోధించాడని ఆ రాజవంశపు చరిత్రలో ఉంది; ఆ రాయి మహా వికారంగా ఉండేదని కూడా అక్కడే రాశారు. కాబట్టి నీ మూడో నానీలోని 'సుందర శిల'ను నిస్సంకోచంగా కొట్టివెయ్యి.

ముందు తూట్ల సంగతి ఆలోచించు. చైనాలో సుజౌ నగరం పక్కనున్న తాయ్‌హు సరస్సులోని సున్నపురాయిని నీళ్లు తొలిచి అటువంటి ఆకారాలు చేశాయి. గిరాకీ పెరిగాక పనివాళ్లు తామే ఉలితో తూట్లు పొడిచి, ఉలి జాడ అలలకు అరిగిపోయేదాకా ఆ రాళ్లను ఏళ్ల తరబడి సరస్సులోనే ఉంచేవారు. అంటే అక్కడ ధర పలికినది ఉన్న రాయికి ఎంతో, లేని రాయికీ అంతే. ఈ సంగతి తలకెక్కిన రోజున నేను రాసుకొన్నది ఇది:

రాయిని కొనలేదు
తూటును కొన్నాను
చుట్టూ ఉన్న రాయి
ఊరికే వచ్చింది

ఇందులో పోలిక లేదని గమనించు. 'లాగా', 'వలె' అనే మాటలు రాకుండా ఒక వారం రాసి చూడు. చెయ్యి మొదట మొరాయిస్తుంది, తరువాత కన్ను పని చేయడం మొదలుపెడుతుంది.

నువ్వు చూసినది చైనాలోని అన్‌హుయీ రాష్ట్రంలో లింగ్‌బి అనే చోట దొరికే నల్లరాయి అని రాశావు. ఆ జాతి రాయిని తడితే గంట మోగినట్లు మోగుతుందన్న మాట నిజమే. కానీ గాజు పెట్టెలో ఉన్నదాన్ని నువ్వు తట్టలేదు కదా? వినని నాదాన్ని విన్నట్లు వర్ణించే బదులు, వినలేకపోవడాన్నే కవిత చేసుకోవచ్చు:

గాజు వెనక రాయి
కొడితే మోగుతుందట
వేలు మాత్రం
ఇవతలే ఉంది

ఇక చైనా వాళ్ల నాలుగు పాదాల చిన్న పద్యాన్ని చూసి భ్రమపడకు. పాదానికి ఐదు చొప్పున అందులో ఉండేవి ఇరవై అక్షరాలే అయినా, అక్కడ ఒక్కొక్క అక్షరం దాదాపు ఒక్కొక్క మాట. మన నానీకి ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు ఉన్నా, వాటిలో ఎనిమిదో తొమ్మిదో మాటలు పడితే గొప్ప. సోంగ్ వంశపు హుయీజోంగ్ చక్రవర్తి తోట కోసం పడవల మీద రాళ్లు తరలించిన వైనం, 1126-27లో రాజధాని శత్రువుల పాలవుతున్నప్పుడు ఆ తోటలోని రాళ్లనే పగలగొట్టి ఒడిసెల యంత్రాలతో విసిరిన వైనం, ఇవన్నీ ఒకే నానీలోకి ఎక్కిస్తే పడవ మునుగుతుంది. (విసిరిన రాయి మీద విడిగా ఒకటి రాయి, ఆ ఒక్కటి చాలు.)

చివరి మాట నీ ఆరో నానీ గురించి. అందులో రాయి నోరు తెరిచి సహనం బోధించింది. చైనా కవి బై జుయి తన ముసలితనంలో రెండు రాళ్లను తనకు తోడుంటారా అని అడిగాడు. అవి మాట్లాడలేవని ఒప్పుకొంటూనే, తామిక ముగ్గురు స్నేహితులమని తీర్మానించుకొన్నాడు. నీ రాయిని కూడా అలాగే ప్రశ్న వరకే ఉంచి, జవాబు పంక్తిని తీసేసి, దీపావళికి వచ్చేటప్పుడు తీసుకురా.

ఇట్లు,
మామయ్య