రాత్రి పదకొండింటి ఆకలి

ప్రశ్న: మా బాబుకి పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి, దాంతోపాటు ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్. పొద్దున ఐదున్నరకి లేస్తాడు, రాత్రి పన్నెండు దాటితే గానీ పడుకోడు. టిఫిన్ ముట్టడు, లంచ్ బాక్సు సగం తిరిగొస్తుంది. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిన్నా పదకొండయ్యేసరికి ఆకలంటూ వంటింట్లో డబ్బాలన్నీ వెతుకుతాడు. మిక్చర్, ఉస్మానియా బిస్కెట్లు, ఏది దొరికితే అది. క్లాసులో అందరికంటే పొట్టి. ‘ఆకలి హార్మోన్ ఎక్కువైందేమో, ఎత్తు పెంచేది కూడా అదేనట, టెస్టు చేయించు’ అంటోంది మా తోడికోడలు. టెన్షన్‌గా ఉంది డాక్టర్‌గారూ.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ టెస్టు అక్కర్లేదమ్మా. ఆకలి హార్మోన్ పేరు ఘ్రెలిన్. భోజనానికి ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. ఆ అంకె చూసి మీ బాబుకి నేను రాయగలిగే మందేమీ లేదు. ఆ డబ్బులు పెట్టి గుడ్లు కొనండి.

మీ తోడికోడలి మాటలో సగం నిజముంది. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా అనే శాస్త్రవేత్తలు ఎలుకల పొట్టలో ఈ హార్మోన్‌ని కనిపెట్టారు. నిజానికి వాళ్లు వెతుకుతున్నది ఆకలి కోసం కాదు, ఎత్తు పెంచే గ్రోత్ హార్మోన్‌ని విడుదల చేయించే పదార్థం కోసం. ఘ్రెలిన్ ఆ పని చేస్తుంది, ఆకలి పుట్టించడం తర్వాత బయటపడింది. అయితే ఘ్రెలిన్ అసలే లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా దాదాపు మామూలుగానే ఎదిగాయి. మెదడులోంచి గ్రోత్ హార్మోన్‌కి ఆర్డరు వేసే హార్మోన్ వేరే ఉంది, పెత్తనం ఎక్కువగా దానిదే.

ఇంకో సంగతి. తిండి సరిగ్గా అందని పిల్లల్లో ఘ్రెలిన్ ఎక్కువగానే ఉంటుంది, తరచు గ్రోత్ హార్మోన్ కూడా ఎక్కువే. అయినా వాళ్లు ఎదగరు. ఎందుకంటే గ్రోత్ హార్మోన్ ఎముకల మీద చేసే పనిలో చాలా భాగం, దాని మాట విని లివర్ తయారుచేసే ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్ ద్వారా జరుగుతుంది. ఒంట్లోకి సరిపడా తిండి, ముఖ్యంగా ప్రొటీన్, చేరకపోతే లివర్ దాన్ని తగినంత తయారు చేయదు. ఆకలి వేసినంత మాత్రాన ఎత్తు రాదు, తిన్నది ఒంటబట్టాలి.

ఇక పదకొండింటికే ఎందుకంటారా? ఘ్రెలిన్‌కి టైము అలవాటవుతుంది. రోజూ ఏ వేళకి తింటామో ఆ వేళకి ముందే పెరగడం మొదలెడుతుంది. పగలంతా అరకొరగా తిని, రాత్రి డబ్బాలు ఖాళీ చేస్తే ఒళ్లు ఆ టైమే నేర్చుకుంటుంది. పైగా నిద్ర తక్కువ. 2004లో షికాగో యూనివర్సిటీలో పన్నెండు మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. కొవ్వు కణాల నుంచి వచ్చి ‘నిల్వ ఉంది, ఇక చాలు’ అని మెదడుకి చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. చిన్న ప్రయోగమే, వాళ్లు పెద్దవాళ్లు కూడా. కానీ కోచింగ్ పిల్లల తల్లులు నా దగ్గర చెప్పే కథా ఇదే.

మీ బాబు వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీరు రాసిన లెక్కలో ఐదున్నర కూడా లేదు. గ్రోత్ హార్మోన్ బాగా విడుదలయ్యేది తొలి గాఢనిద్రలోనే. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒప్పుకోకపోయినా సరే, తొమ్మిదిన్నరకే లైటు తీసేయండి. సాయంత్రం కోచింగ్‌కి వెళ్లేముందే కడుపు నిండే తిండి పెట్టండి: పెసరట్టు, ఉడికించిన గుడ్లు, వేయించిన పల్లీలు. పొద్దున ఏదీ దిగకపోతే గ్లాసు పాలు, అరటిపండుతో మొదలెట్టండి. రాత్రి మళ్లీ ఆకలంటే కసరకండి, కాస్త పెరుగన్నం పెట్టండి. మిక్చర్ డబ్బా మాత్రం కొనడం మానేయండి.

ఎత్తు సంగతి. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి, పక్కన తేదీ వేయండి. ఆరు నెలలకి మళ్లీ. వారం వారం కొలిస్తే మీకే టెన్షన్. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, పద్నాలుగు నిండినా యుక్తవయసు లక్షణాలు మొదలవకపోయినా పిల్లల హార్మోన్ల డాక్టరుకి చూపించాలి. అప్పుడు థైరాయిడ్, రక్తహీనత, ఎక్స్‌రేలో ఎముకల వయసు (అవి ఎంతవరకు ఎదిగాయన్నది) చూస్తాం. వెళ్లేముందు ఒక పని చేయండి. మీవారు ఏ వయసులో ఎదిగారో మీ అత్తగారిని అడగండి. ఇంటర్‌లోకి వచ్చాకే ఎత్తు సాగిన తండ్రుల కొడుకులు చాలామంది అలాగే ఆలస్యంగా ఎదుగుతారు. బాబు పాత స్కూల్ హెల్త్ కార్డుల్లో ఎత్తు, బరువు రాసి ఉంటే అవి కూడా తీసుకెళ్లండి.