బావ షష్టిపూర్తికి ఏడు చాలు

అల్లుడూ,

నువ్వు పంపిన రెండు మల్టీటూల్ ఫోటోలూ చూశాను, అదే, ప్లయర్, చాకు, స్క్రూడ్రైవర్ లాంటివన్నీ మడిచి జేబులో పెట్టుకునే పనిముట్టు. ఒకటి పన్నెండు వందలకి ముప్పై ఒక్క పనిముట్లు ఇస్తానంటోంది. రెండోది దానికి ఎన్నో రెట్ల ధర, ఉన్నవేమో ఏడు. "ఏడింటికి అంత డబ్బా మావయ్యా?" అని అడిగావు. అవునురా, అంత డబ్బే. మీ నాన్నకి ఆ ఏడు ఉన్నదే కొను.

ముప్పై ఒకటి ఎలా అయ్యాయో లెక్కపెట్టి చూశావా? ఒక్క బద్ద మీద నాలుగు గాట్లు పెట్టి నాలుగు పనిముట్లంటారు. సీసా మూత తీసేదొకటి, స్కేలు గీతలొకటి, తగిలించుకునే రింగు ఇంకొకటి. నేనూ ఒకప్పుడు అలాంటిదే ఎగ్జిబిషన్‌లో 350 రూపాయలకి కొన్నాను. ఆ రాత్రంతా మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి మూశాను, మీ అత్తయ్య నవ్వింది కూడా. రెండో వారం స్కూటర్ క్లచ్ కేబుల్ నట్టు బిగిస్తుంటే దవడలు పక్కకి జారాయి. మధ్యలో రివెట్ ఊడింది, రెండు పిడుల మధ్య నా అరచేతి చర్మం ఇరుక్కుంది. ఆ మచ్చ ఇంకా ఉంది.

అందుకే నేను ముందు చూసేది ప్లయర్. దాన్ని మూసి ట్యూబ్‌లైటు కేసి పట్టు. దవడల కొసలు తాకిన చోట వెలుతురు కనిపించకూడదు, కనిపిస్తే సన్నటి తీగ అక్కడ జారిపోతుంది. తర్వాత పిడులు రెండూ పట్టుకుని పక్కలకి ఊపు, లొడలొడలాడిందా, అక్కడే వదిలేసి రా. గట్టిగా నొక్కి చూడు, పిడుల మధ్య వేలు దూరేంత సందు మిగలాలి. అది లేకే నా అరచెయ్యి నలిగింది. తర్వాత చాకు. తెరిచాక లాకు "టక్"మని పడాలి. ఒకటి తెరుస్తుంటే పక్కనున్న మూడూ గుత్తిలా వెంట రాకూడదు. ఇదంతా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది కాబట్టి ఆన్‌లైన్‌లో కొన్నా, ముందు ఏదన్నా షాపుకి వెళ్ళి ఒకసారి పట్టుకుని చూడు.

నువ్వడిగిన ఆ ఏడింటిది లెదర్‌మ్యాన్ వాళ్ళ స్కెలిటూల్. ఆ కంపెనీ పెట్టిన టిమ్ లెదర్‌మ్యాన్ 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. కారు మొరాయించినప్పుడల్లా జేబులో చాకు ఉంది గానీ ప్లయర్ లేదు. ప్లయర్ కూడా ఉన్న మడత పనిముట్టు చెయ్యాలన్న ఆలోచన ఆ చిరాకులోంచి పుట్టిందే, 1983లో కంపెనీ అయింది. అంతకుముందెప్పుడో 1890 ప్రాంతంలో స్విట్జర్లాండ్ సైన్యం ఎంచుకున్న జేబుచాకులో ఉన్నవెన్నో తెలుసా? చాకు, బెజ్జం పొడిచేది, డబ్బా మూత తీసేది, తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవర్. నాలుగంటే నాలుగు.

ఇప్పుడు బావ రోజు ఎలా గడుస్తుందో చూడు. పొద్దున్నే తోటకెళ్ళి డ్రిప్ పైపు కొయ్యాలి, క్లాంపు బిగించాలి, బైండింగ్ వైరు మెలితిప్పాలి, ఎరువుల బస్తా కుట్టు తెంపాలి. ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేతి బొటనవేలితో చాకు తెరవగలగాలి. స్కెలిటూల్ చాకుకి బెజ్జం ఉంటుంది, గోరుతో పీక్కోనక్కర్లేదు. అరవయ్యేళ్ళ వేళ్ళకి అది చిన్న సంగతి కాదు. స్క్రూడ్రైవర్ బిట్టు అటు తిప్పితే స్టారు, ఇటు తిప్పితే బద్ద.

అదే కంపెనీ వేవ్ ప్లస్‌లో పద్దెనిమిది ఉంటాయి. రంపం, ఆకురాయి, కత్తెర అన్నీ. మంచి సరుకే, కాదనను. తీగ కత్తిరించే అంచులు అరిగితే విప్పి మార్చుకోవచ్చు కూడా. కానీ బరువు 241 గ్రాములు, పావు కిలో అనుకో. మీ నాన్న తోటలో ప్యాంటు వేసుకోగా నువ్వెప్పుడన్నా చూశావా? లుంగీ మొలలో పావు కిలో ఇనుము దోపుకుంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. స్కెలిటూల్ 142 గ్రాములే, చొక్కా జేబుకి క్లిప్పు పెట్టుకోవచ్చు.

ఒక్క సంగతి మాత్రం నువ్వే దగ్గర కూర్చుని చెప్పాలి. 34 ఏళ్ళు కరెంటు పని చేసినవాడిగా చెబుతున్నాను. మన ఇళ్ళలో ఎర్రపిడి కటింగ్ ప్లయర్‌కి కరెంటు తగలకుండా తొడుగు ఉంటుంది. దీనికి ఉండదు, చేతికి తగిలేదంతా లోహమే. మోటారు స్టార్టర్ డబ్బాలో ఉండేది మూడు ఫేజులు, 415 వోల్టులు. ఒక తోటలో స్టార్టర్ దగ్గర నేలమీద పడి ఉన్న ప్లయర్ చూశాను, దవడలో చిక్కుడు గింజంత ముక్క కరిగిపోయింది. తొడుగు ఉంది కాబట్టి మనిషి మిగిలాడు. బావకి స్టార్టర్ డబ్బా తెరిచే అలవాటుందని నాకు తెలుసు. చేతిలో కొత్త పనిముట్టు పడితే ఇంకా తెరుస్తాడు. అందుకని దీంతోపాటు మంచి తొడుగున్న ప్లయర్, టెస్టర్ కూడా కొను. మెయిన్ ఆపకుండా, టెస్టర్ పెట్టకుండా ఆ డబ్బా ముట్టుకోవద్దని నా మాటగా చెప్పు. నా మాట వింటాడులే.

మామిడి సొన, పొటాష్ పొడి అలాగే వదిలేస్తే స్టెయిన్‌లెస్ కూడా మచ్చలు పడుతుంది. నీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి, కీలు దగ్గర ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె వేస్తే చాలు. కొబ్బరి నూనె వద్దు, జిడ్డుకట్టి దుమ్ము పట్టేస్తుంది.

నీకూ ఒకటి కావాలన్నావు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ప్లయర్ ఎందుకురా? విక్టోరినాక్స్ వాళ్ళ బుల్లి జేబుచాకు, క్లాసిక్ ఎస్‌డి కొనుక్కో, మూస్తే 58 మిల్లీమీటర్లు, తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. చిత్రంగా దాన్లోనూ ఏడే. నీకు వచ్చే కొరియర్ డబ్బాలకి ఆ చిన్న కత్తెర చాలు.

నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అసలు ధరలో మూడో వంతుకి ఇస్తానంటే ఆ పేజీ మూసెయ్. బిల్లు దాచు, లెదర్‌మ్యాన్‌కి 25 ఏళ్ళ గ్యారంటీ ఉంది.

విమానంలో వచ్చేట్టయితే రెండూ చెకిన్ పెట్టెలో వెయ్యి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ వాళ్ళు తీసేసుకుంటారు, నీ తాళాల గుత్తిది కూడా. ఆదివారం ఫంక్షన్ కదా, శుక్రవారం సాయంత్రానికే ఇంట్లో దిగు. శనివారం ఇనుము గడప దాటనివ్వదు మీ అమ్మ, స్టెయిన్‌లెస్ అన్నా వినదు. ఆలస్యమైతే డబ్బా మా ఇంట్లో పెట్టి వెళ్ళు, ఆదివారం పొద్దున్న నేనే పట్టుకొస్తాను.

మీ మావయ్య