కండరాల పాఠం చెప్పబోయే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం ఇంటర్ పిల్లలకు కండరాల పాఠం మొదలుపెట్టాలి, ఎలా చెప్పమంటారని అడిగావు. జంతుశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం అది. పిల్లలు మాత్రం దాన్ని పేర్ల పట్టికలా బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోతారు. మనం పేర్లతో మొదలుపెట్టడమే దానికి కారణం. నువ్వు అలా చేయకు.

మొదటి రోజు బొమ్మే గీయవద్దు. అందరినీ ఎడమ చేత్తో కుడి జబ్బ పట్టుకుని మోచెయ్యి మడవమను. ముందువైపు కండ ఉబ్బి గట్టిపడుతుంది. తర్వాత కుడి అరచేత్తో బల్లను కిందికి నొక్కమను. ఈసారి బిగిసేది వెనకవైపు కండ. కండరానికి లాగడమే తెలుసు, నెట్టడం తెలియదు. అందుకే మడవడానికి ఒకటి, చాచడానికి ఒకటి ఉన్నాయి. ఇది చేత్తో తాకి తెలుసుకున్న పిల్లలు, మరి ఆ లాగడం ఎలా జరుగుతోందని వాళ్లే అడుగుతారు.

అప్పుడు లోపలికి తీసుకువెళ్లు. ఉడికిన కోడి మాంసం ఒకే దిశలో పీచు పీచుగా విడిపోవడం మాంసం తినే ఇళ్లలో అందరూ చూసిందే. ఆ ఒక్కో పీచులో ఎన్నో కండర కణాలు కలిసి ఉంటాయి. కణం అనగానే పిల్లలు గుండ్రంగా ఊహించుకుంటారు. ఇది పొడవాటి పోగు, సెంటీమీటర్ల పొడవు కూడా ఉంటుంది, ఒక్కదానిలోనే బోలెడు కేంద్రకాలు. పోగు నిండా సూక్ష్మతంతువులు, వాటి పొడవునా వరుసగా సార్కోమియర్లు. ఇక్కడిదాకా త్వరగా వచ్చెయ్యి.

సార్కోమియర్ దగ్గర మాత్రం తొందరపడకు, పీరియడ్ మొత్తం పోయినా నష్టం లేదు. జెడ్ గీతలనే రెండు అడ్డగీతల మధ్య భాగం అది, పొడవు సుమారు రెండున్నర మైక్రోమీటర్లు. ఇరువైపుల గీతల నుంచి ఏక్టిన్ అనే ప్రొటీనుతో అయిన సన్నని తంతువులు లోపలికి వస్తాయి. మధ్యలో మయోసిన్ అనే మరో ప్రొటీనుతో అయిన మందమైన తంతువులు. సంకోచమంటే ఈ తంతువులు ముడుచుకుపోవడమని సగం మంది అనుకుంటారు, అది తప్పు. రెండు చేతుల వేళ్లను ఎదురెదురుగా సందుల్లోకి కొద్దిగా దూర్చి మెల్లగా దగ్గరికి జరపమను. అరచేతుల మధ్య దూరం తగ్గుతుంది, వేళ్ల పొడవు మారదు. 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో అచ్చయిన రెండు పరిశోధనా వ్యాసాలు చెప్పిందీ ఇదే. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది, మరొకటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం లేదు, పిల్లలు తప్పకుండా అడుగుతారు. కండరం కురచవుతున్నప్పుడు ముదురు చార, అంటే A పట్టీ, పొడవు మారలేదు; లేత చార, అంటే I పట్టీ, తగ్గింది. మయోసిన్ పొడవే A పట్టీ కాబట్టి అది మారదని వాళ్ల చేతే చెప్పించు.

తర్వాత బోర్డు మీద ఒక లెక్క చేయించు. పది సెంటీమీటర్ల పోగులో రెండున్నర మైక్రోమీటర్ల సార్కోమియర్లు ఎన్ని? 40,000. ఒక్కోటి అర మైక్రోమీటరు తగ్గితే మొత్తం ఎంత? రెండు సెంటీమీటర్లు. కంటికి కనబడని జరుగుడు చెయ్యి లేపేంత ఎలా అవుతుందో ఆ లెక్క చూపినంత స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చూపలేదు.

ఈ లాగడం ఎలా మొదలవుతుందో చెప్పే కాల్షియం కథ వరుస తప్పకుండా చెప్పు. నాడి చివర సంకేతాన్ని మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతుంది, పోగు పైపొర మీద పుట్టిన విద్యుత్ సంకేతం లోపలికి పాకుతుంది, పోగులో కాల్షియాన్ని దాచి ఉంచే సంచి లాంటి సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ దాన్ని వదులుతుంది. ఆ కాల్షియం ఏక్టిన్ తంతువు మీదుండే ట్రోపోనిన్ అనే ప్రొటీనుకు అంటుకోగానే, అక్కడే అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను పక్కకు జరిగి ఏక్టిన్ మీది స్థానాలు తెరుచుకుంటాయి. మయోసిన్ తంతువుల నుంచి పొడుచుకొచ్చిన తలలు అక్కడ పట్టుకుని లాగుతాయి.

అన్నిటికంటే ఎక్కువ తడబడేది కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ దగ్గర. అది లాగడానికే కావాలనుకుంటారు. ఏటీపీ విచ్ఛిన్నమై మయోసిన్ తలను లాగడానికి సిద్ధం చేస్తుంది, నిజమే. కానీ లాగిన తల ఏక్టిన్‌ను వదలాలన్నా మరో కొత్త ఏటీపీ వచ్చి దానికి అంటుకోవాలి. చనిపోయిన కొన్ని గంటలకు దేహం కొయ్యబారిపోవడానికి కారణం ఇదే. ఏటీపీ తయారీ ఆగిపోయింది, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. బతికున్న కండరంలోనైనా కాల్షియాన్ని వెనక్కి తోడి పోయడానికి ఏటీపీ ఖర్చవుతూనే ఉంటుంది. కండరం సడలడానికీ శక్తి కావాలని వినగానే తరగతి ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది, ఆ క్షణాన్ని వదులుకోకు.

ఇక్కడే యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పాలి. చెప్పకుండా ఈ పాఠం ముగిస్తే నేను ఊరుకోను. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టి 1927లో ప్రకటించారు. 1929లో వాళ్లిద్దరూ ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండరంలో ఉన్న ఏటీపీ జోరుగా పరిగెత్తేవాడికి కొద్ది సెకన్లకే సరిపోతుంది, దాన్ని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటినే. మన పిల్లలకు ఇది పుస్తకంలో ఒక పంక్తిగా మిగిలిపోకూడదు.

గుండె కండరం, పేగుల్లాంటి వాటి గోడల్లో ఉండే నునుపు కండరం ఒక్కో బొమ్మతో చాలు. నునుపు కండరంలో ఏక్టిన్, మయోసిన్ ఉన్నా సార్కోమియర్లు లేవు, అందుకే చారలు కనిపించవు, అంతవరకు చెప్పు.

ప్రయోగశాలలో చారల కండరం స్లైడు ఉంటుంది. పాఠం ముందు రోజే తీసి దుమ్ము తుడిచి, పెద్ద కటకం కింద సరిచేసి పెట్టుకో. చారలు సరిగా కనిపించకపోతే వెలుతురు కాస్త తగ్గించు, అప్పుడు తేలతాయి. ఒక్కొక్కరినీ పిలిచి, ముదురు చార ఏదో లేత చార ఏదో చూసి గీయమను. పుస్తకంలోని బొమ్మ ఆ తర్వాతే తెరవనివ్వు.

పాఠం అయ్యాక వాళ్లు ఏమేం అడిగారో రాయి. మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ పెదనాన్న